ఓఈటీ స్పీకింగ్: పేషెంట్ మనసులో మాట బయటికి రావాలంటే ఎలా మాట్లాడాలి?

హైదరాబాద్‌లో నర్సింగ్ చదివి, కొన్నాళ్ళు వార్డు డ్యూటీలు చేసి, యూకే, ఐర్లాండ్, ఆస్ట్రేలియా వైపు చూస్తున్నవాళ్ళకి ఓఈటీలో (ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళ ఇంగ్లీషు పరీక్ష) అన్నిటికన్నా గుబులు పుట్టించేది స్పీకింగే. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో రాత్రిపూట ఈ పరీక్ష గురించి మాట్లాడుకునేటప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న "ఏ వాక్యాలు బట్టీ పట్టాలి?" అని. తయారీ పక్కదారి పట్టేది అక్కడే. పేషెంట్ చెప్పేది శ్రద్ధగా విని, ఆ మాటకి తగ్గ మాట చెప్పేవాళ్ళెవరో తేల్చడానికే ఈ పరీక్ష పెట్టారు. ఎదుటివాళ్ళు ఏమంటారో తెలియకుండా ముందే కంఠస్థం చేసిన జవాబు, చెప్పగానే అతికించినట్టు తెలిసిపోతుంది.

నేను ఇక్కడ నర్సుల ఉదాహరణలే ఇస్తున్నాను గానీ డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులకీ పద్ధతి ఇదే. ఓఈటీ 12 వైద్య వృత్తులకి ఉంది. స్పీకింగ్‌లో ఎవరి వృత్తికి తగ్గ సన్నివేశం రాసిన కార్డులు వాళ్ళకి ఇస్తారు.

ముందు, మార్కులు వేసేది ఎవరో తెలుసుకోండి

స్పీకింగ్ మొత్తం సుమారు 20 నిమిషాలు. మొదట మీ చదువు, ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడిస్తారు. దానికి మార్కులు లేవు, గొంతు సర్దుకోవడానికే అనుకోండి. తర్వాత రెండు రోల్‌ప్లేలు. ఒక్కోదానికి కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు, మాట్లాడటానికి సుమారు 5 నిమిషాలు.

ఎదురుగా పేషెంట్‌గా నటించే వ్యక్తి మీకు మార్కులు వేయరు. మీ మాటలు రికార్డవుతాయి. వేరేచోట ఉన్న అసెసర్లు ఆ ఆడియో విని వేస్తారు. ఈ ఒక్క విషయం చాలా సంగతులు మార్చేస్తుంది. మనం వార్డులో తల ఊపుతాం, భుజం మీద చెయ్యి వేస్తాం, కళ్ళతోనే ధైర్యం చెబుతాం. ఆడియోలో ఇవేవీ వినపడవు. కాబట్టి పేషెంట్ మాట్లాడుతున్నప్పుడు "ఐ సీ", "రైట్", "గో ఆన్" అని మెల్లగా నోటితో అనాలి. మీ ఓదార్పు గొంతులోనే వినిపించాలి.

మార్కుల లెక్క రెండు భాగాలు. భాషకి నాలుగు అంశాలు: ఉచ్చారణ స్పష్టత, ధారాళత, సందర్భానికి తగిన భాష, వ్యాకరణం-పదసంపద. ఒక్కోదానికి 6. పేషెంట్‌తో వ్యవహరించే తీరుకి ఐదు అంశాలు, ఒక్కోదానికి 3. సంబంధం కలుపుకోవడం, పేషెంట్ కోణాన్ని అర్థం చేసుకోవడం, మాటని క్రమంలో నడపడం, సమాచారం రాబట్టడం, సమాచారం ఇవ్వడం. ఈ రెండో భాగం 2018లో చేరింది. యూకే నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ స్పీకింగ్‌లో అడిగేది 500కి 350, అంటే బి గ్రేడ్. అందమైన ఇంగ్లీషు ఉండి పేషెంట్‌ని పట్టించుకోనివాళ్ళు ఆ ఐదు అంశాల్లో పోగొట్టుకుంటారు.

3 నిమిషాల్లో కార్డుని ఎలా చదవాలి

కార్డు మీద చోటు, పేషెంట్ వివరం, మీరు చేయాల్సిన పనులు ఉంటాయి. మొదటి నిమిషంలో రెండు సంగతులు తేల్చుకోండి. ఒకటి, ఎదురుగా ఉన్నది పేషెంటా, తల్లా, కొడుకా? రెండు, వాళ్ళని మీరు ఇంతకు ముందు చూశారా? చూసి ఉంటే మళ్ళీ మొదటినుంచి పరిచయం చేసుకోవడం వింతగా ఉంటుంది.

తర్వాత పనుల జాబితాలో క్రియలకింద గీత గీయండి. "ఫైండ్ అవుట్" అంటే అడగాలి. "ఎక్స్‌ప్లెయిన్" అంటే వివరించాలి. "రీఅష్యూర్" అంటే ధైర్యం చెప్పాలి. "పర్స్వేడ్" అని ఉంటే పేషెంట్ ఒప్పుకోరని కార్డు ముందే చెబుతున్నట్టు. అక్కడ కనీసం రెండు మూడు మాటల పట్టింపు ఉంటుందని సిద్ధంగా ఉండండి. కార్డులో ఏదైనా మాట అర్థం కాకపోతే రోల్‌ప్లే మొదలుకాకముందే అడగండి, అడగొచ్చు.

మీ కార్డులో లేని విషయం ఒకటి ఎదుటివాళ్ళ కార్డులో ఉంటుంది. పేషెంట్ భయమో, అపోహో, ఇంట్లో ఇబ్బందో. అది మీకు కనిపించదు, అడిగి రాబట్టాలి. మిగతా సమయంలో వాక్యాలు అల్లుకునే బదులు "ఈ మనిషికి దేనికి భయమై ఉంటుంది?" అని ఆలోచించండి.

మొదటి అర నిమిషం

పలకరింపు, మీ పేరు, మీ హోదా, వాళ్ళని ఏమని పిలవాలో అడగడం. ఇంతే. మన దగ్గర అమ్మా, అంకుల్, పెద్దాయనా, బాబాయ్ అంటే గౌరవమూ ఉంటుంది, దగ్గరితనమూ ఉంటుంది. ఇంగ్లీషు పేషెంట్‌ని అంకుల్ అనలేం. ప్రతి వాక్యం చివరా సర్, మేడమ్ తగిలించినా ఎబ్బెట్టే. "హౌ వుడ్ యూ లైక్ మీ టు కాల్ యూ?" అని అడిగి, వాళ్ళు చెప్పిన పేరుని తర్వాత ఒకటి రెండుసార్లు వాడండి. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?" మన దేశంలోనే నడుస్తుంది, అక్కడ వదిలేయండి.

అడగడం: ఒక ప్రశ్న, తర్వాత నిశ్శబ్దం

గాంధీ, ఉస్మానియా లాంటి చోట్ల ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు. అందుకే "జ్వరమా? దగ్గుందా? వాంతులున్నాయా? షుగరుందా?" అని గబగబా అడగడం అలవాటవుతుంది. అక్కడి రద్దీకి అది తప్పదు. పరీక్షలో మాత్రం రెండు మూడు ప్రశ్నలు ఒకేసారి గుచ్చి అడగడం, "యూ డోంట్ హావ్ ఎనీ అలర్జీ, నో?" అని జవాబుని మనమే నోట్లో పెట్టడం సమాచారం రాబట్టే అంశంలో లోపాలే.

పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పేషెంట్ రాగానే మన నర్సులు ఏమంటారో గమనించండి: "క్యా తక్లీఫ్ హై అమ్మా?" ఇబ్బందేమిటో చెప్పమ్మా అని అడిగి ఊరుకుంటారు. అమ్మ తన మాటల్లో తను మొదలుపెడుతుంది. పరీక్ష కోరే ప్రశ్న సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో "కెన్ యూ టెల్ మీ వాట్స్ బీన్ హ్యాపెనింగ్?" అనండి. అని, ఆగండి. ఆ రెండు మూడు క్షణాల ఖాళీ మీకు భయంగా ఉంటుంది, అయినా ఆగండి. పేషెంట్ చెప్పడం అయ్యాకే ఎప్పటినుంచి, ఎంత తీవ్రంగా, దేనివల్ల పెరుగుతోంది లాంటి చిన్న ప్రశ్నలకి రండి. ఒక్కోసారి ఒక్కటే.

ఇంకో ప్రశ్నల మలుపుకి ముందు చిన్న సూచన ఇస్తే మాట క్రమంలో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. "ఐ'డ్ లైక్ టు ఆస్క్ ఎ ఫ్యూ క్వశ్చన్స్ అబౌట్ యువర్ మెడిసిన్స్ నౌ, ఈజ్ దట్ ఆల్‌రైట్?" అన్నట్టు.

పేషెంట్ జారవిడిచిన మాటని పట్టుకోండి

ఈ పరీక్షలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, కాబట్టి నిదానంగా చూద్దాం.

కార్డు ఇలా ఉందనుకోండి. 55 ఏళ్ళ ఆవిడకి టైప్ 2 డయాబెటిస్. మాత్రలతో అదుపులోకి రావట్లేదు. డాక్టర్ రాత్రిపూట ఒక్కసారి ఇన్సులిన్ రాశారు. ఆమె వెనకాడుతున్నారు. మీ పనులు: ఆమె ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం, ఇన్సులిన్ ఎందుకో వివరించడం, ఎలా తీసుకోవాలో చెప్పడం, షుగర్ పడిపోతే గుర్తులేమిటో చెప్పడం, మొదలుపెట్టేలా ఒప్పించడం.

మాట మధ్యలో ఆవిడ అంటుంది: "నో, ఐ డోంట్ వాంట్ ఇట్. మై మదర్ వాజ్ ఆన్ ఇన్సులిన్..." అని ఆగిపోతుంది.

బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ "డోంట్ వర్రీ, ఇన్సులిన్ ఈజ్ వెరీ సేఫ్. ఇట్ విల్ కంట్రోల్ యువర్ షుగర్. యూ మస్ట్ టేక్ ఇట్ డైలీ" అని దూసుకుపోతారు. వ్యాకరణంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ తల్లి మాట గాల్లో వేలాడుతూ ఉండిపోయింది.

శ్రద్ధగా విన్నవాళ్ళు ఇలా అంటారు: "యూ మెన్షన్డ్ యువర్ మదర్. వుడ్ యూ మైండ్ టెల్లింగ్ మీ వాట్ హ్యాపెన్డ్ విత్ హర్?" ఇక ఆవిడ చెబుతుంది: అమ్మకి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకే కాలు తీసేశారు, ఇన్సులిన్ అంటే చివరి దశ అని. ఈ భయం మనకి కొత్తదేం కాదు. ఇక్కడ ఏ బస్తీలో అడిగినా "సూది మొదలైందంటే ఇక అయిపోయినట్టే" అనేవాళ్ళు దొరుకుతారు. దానికి తెలుగులో మీరు ఇచ్చే జవాబే ఇంగ్లీషులో ఇవ్వండి. ముందు భయాన్ని గుర్తించండి: "దట్ మస్ట్ హావ్ బీన్ వెరీ హార్డ్ టు వాచ్. ఐ కెన్ సీ వై ఇన్సులిన్ ఫ్రైటెన్స్ యూ." ఆ తర్వాతే వివరణ: కాలు పోయింది ఎన్నో ఏళ్ళు షుగర్ ఎక్కువగా ఉండిపోవడం వల్ల. ఇన్సులిన్ ఆ నష్టాన్ని అడ్డుకోవడానికే.

ఒప్పించడమూ అప్పుడు తేలికవుతుంది. ఆమె అసలు భయానికి జవాబు దొరికింది కాబట్టి మీరు "మస్ట్" అనాల్సిన పనే ఉండదు. "వుడ్ యూ బి విల్లింగ్ టు ట్రై ఇట్ ఫర్ ఎ ఫ్యూ వీక్స్, అండ్ దెన్ వీ కెన్ లుక్ ఎట్ యువర్ రీడింగ్స్ టుగెదర్?" అంటే చాలు. మన వార్డుల్లో నిర్ణయం చాలాసార్లు కొడుకో, అల్లుడో చెబుతారు, పేషెంట్ పక్కన వింటూ ఉంటారు. యూకేలో స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల పెద్దవాళ్ళ నిర్ణయం వాళ్ళదే. పరీక్ష కూడా ఆ గౌరవాన్నే చూస్తుంది.

"డోంట్ వర్రీ" సంగతి

తెలుగులో "ఏం కాదమ్మా, భయపడకు" అన్నప్పుడు దాని వెంట చెయ్యి ఉంటుంది, చూపు ఉంటుంది, మీరు మళ్ళీ వచ్చి చూస్తారన్న నమ్మకం ఉంటుంది. ఆడియోలో ఒట్టి "డోంట్ వర్రీ" వినేవాళ్ళకి మీరు వాళ్ళ బాధని తోసిపుచ్చినట్టు తోస్తుంది. "నథింగ్ విల్ హ్యాపెన్" ఇంకా ప్రమాదం, మీరు హామీ ఇవ్వలేని దానికి హామీ ఇస్తున్నారు. వాళ్ళ భావానికి పేరు పెట్టండి, కారణం అర్థమైందని చెప్పండి, మీరు చేయగలిగింది చెప్పండి. ఈ మూడూ రెండు చిన్న వాక్యాల్లో సరిపోతాయి. కోపంగా ఉన్న పేషెంట్‌తోనూ ఇదే. "యూ'వ్ బీన్ వెయిటింగ్ ఎ లాంగ్ టైమ్, అండ్ ఐ'మ్ సారీ అబౌట్ దట్" అని మొదలుపెడితే గొంతు దానంతటదే తగ్గుతుంది.

వివరించడం: కొంచెం చెప్పి, ఆగి, అడగండి

మొదలుపెట్టే ముందు వాళ్ళకి ఇప్పటికే ఏం తెలుసో అడగండి. తెలిసింది మళ్ళీ చెప్పడం వల్ల మీ 5 నిమిషాలే కరిగిపోతాయి.

చెప్పేటప్పుడు ఒక ముక్క, ఒక విరామం. ఇన్సులిన్ ఉదాహరణలోనే చూడండి. పొట్ట దగ్గరో తొడ దగ్గరో చర్మం కింద తీసుకోవాలి, రోజూ చోటు మారుస్తూ ఉండాలి. ఆగండి. "హౌ డజ్ దట్ సౌండ్ సో ఫార్?" తర్వాత రెండో ముక్క: చెమటలు, వణుకు, ఆకలి, గుండె దడ వస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు. వెంటనే గ్లూకోజో పండ్లరసమో తీసుకోవాలి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. మళ్ళీ ఆగండి. అర్థమైందా అని అడిగితే అందరూ "యెస్" అంటారు. అందుకని "జస్ట్ టు మేక్ ష్యూర్ ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ క్లియర్లీ, కుడ్ యూ టెల్ మీ వాట్ యూ'డ్ డూ ఇఫ్ యూ ఫెల్ట్ షేకీ?" అనండి. వివరణ బాధ్యత మీ మీద వేసుకుంటున్నారు కాబట్టి వాళ్ళకి పరీక్ష పెట్టినట్టుండదు.

ఇక మాటలు. మన ఆసుపత్రి ఇంగ్లీషులో ఇక్కడ అందరికీ అర్థమయ్యేవి కొన్ని అక్కడ అర్థం కావు. లూజ్ మోషన్స్ బదులు డయేరియా. మోషన్ అయిందా అనడానికి "హావ్ యూ ఓపెన్డ్ యువర్ బవెల్స్?" గిడ్డీనెస్ కన్నా డిజీనెస్ మేలు. గ్యాస్ట్రిక్ ట్రబుల్ అంటే వాళ్ళకి ఏమీ తెలియదు, ఇండైజెషన్, హార్ట్‌బర్న్, బ్లోటింగ్‌లలో ఏదో తేల్చి చెప్పండి. సెలైన్ ఎక్కిస్తాం అనడానికి డ్రిప్. బీపీ ఉందా అంటే రక్తపోటు అందరికీ ఉంటుంది కదా అనుకుంటారు, "హై బ్లడ్ ప్రెషర్" అనాలి. "వేర్ ఈజ్ ఇట్ పెయినింగ్?" బదులు "వేర్ డజ్ ఇట్ హర్ట్?" చనిపోయారనడానికి ఎక్స్‌పైర్డ్ అనకండి, "డైడ్" లేదా "పాస్డ్ అవే". పుస్తకాల మాటలూ అంతే. హైపోగ్లైసీమియా అనాల్సి వస్తే పక్కనే "లో బ్లడ్ షుగర్" అని చెప్పండి.

వ్యాకరణంలో ఒక్కటే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర అందరి నోటా వచ్చేది అదే: "సిన్స్ టూ డేస్ యూ ఆర్ హావింగ్ ఫీవర్" అనకుండా "యూ'వ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్" అనడం.

ఉచ్చారణ: యాసని వదిలేయండి, స్పష్టత చూసుకోండి

తెలుగు యాస ఉన్నందుకు మార్కులు పోవు. వినేవాళ్ళు అర్థం చేసుకోవడానికి కష్టపడాల్సి వస్తే పోతాయి. బ్రిటిష్ గొంతు తెచ్చిపెట్టుకోవడానికి నెలలు పాడుచేసుకోవద్దు. ఈ కింది నాలుగైదు సంగతులు చాలు.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఆ అలవాటుతో పెయిను, టాబ్లెట్టు, బెడ్డు అంటాం. చివరి హల్లు దగ్గర ఆపడం సాధన చేయండి. ఎ, ఇ ధ్వనులతో మొదలయ్యే మాటల ముందు య, ఓ ముందు వ తోసుకొస్తాయి: యెగ్జామిన్, యెవ్రీ, వోన్లీ. అద్దం ముందు నిలబడి నోరు తెరిచిపెట్టుకుని మొదలుపెడితే పోతుంది.

వ రెండు రకాలు. వామిట్, వెయిన్, వాక్సిన్‌లకి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. వాటర్, వెయిట్, వీక్‌లకి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తాకకూడదు. ఫీవర్‌లో ఫకి కూడా పళ్ళూ పెదవీ కలవాలి, రెండు పెదవులూ కాదు. డిజీ, ఎగ్జామ్, ప్లీజ్‌లలో వచ్చే జ మన జ కాదు. గొంతు మీద వేళ్ళు పెట్టి స్‌స్‌స్ అంటూ ఉండగానే గొంతు మోగించండి, ఆ శబ్దం అదే.

అన్నిటికన్నా ఫలితమిచ్చేది మాటలో ఏ ముక్కని నొక్కాలో తెలుసుకోవడం. తెలుగులో అన్ని అక్షరాలూ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషు వినేవాళ్ళు నొక్కిన ముక్కని బట్టే మాటని గుర్తుపడతారు. హాస్పిటల్, ఇన్సులిన్, అలర్జీలకి మొదటి ముక్క నొక్కాలి. అలర్జీని మనమంతా రెండో ముక్క నొక్కి "అలెర్జీ" అంటాం. ఇంజెక్షన్‌లో "జెక్", మెడికేషన్‌లో "కే", డయాబెటిస్‌లో "బీ". మీ వృత్తిలో రోజూ వాడే మాటల జాబితా రాసుకుని, నిఘంటువు యాప్‌లో ఒక్కోదాన్ని విని, నొక్కే ముక్క కింద గీత గీసుకోండి. ఒక ఆదివారం పని.

మధ్యలో వచ్చే "మీన్స్", "యాక్చువల్లీ", చివర్లో జారిపోయే "ఓకేనా?" గురించి కూడా. ఇవి మీకు వినపడవు, రికార్డింగ్‌లో వినపడతాయి.

సాధన ఎక్కడ, ఎలా

మొదటి సాధన మీ డ్యూటీలోనే, తెలుగులోనే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పెద్దమనిషి "పెయ్యంతా నొప్పులున్నయ్ బిడ్డా" అంటే వెంటనే ప్రశ్నల వాన కురిపించకుండా "ఎట్లుందో చెప్పు తాతా" అని ఆగి చూడండి. డిశ్చార్జ్ అయ్యేవాళ్ళకి మందులు చెప్పాక "ఇంటికెళ్ళి ఎప్పుడెప్పుడు వేసుకుంటావమ్మా, ఒకసారి నాకు చెప్పు" అనండి. ఆపరేషన్ ముందు రోజు "దేనికి గాబరా అయితుంది?" అని అడగండి. వినే అలవాటు నోటికి వస్తే ఇంగ్లీషులోకి మారడం సగం పని. నిజమైన పేషెంట్ల మాటలు మాత్రం ఎప్పుడూ రికార్డు చేయకండి, వాళ్ళ వివరాలు బయట చెప్పకండి.

రెండోది, హాస్టల్లోనో ఇంట్లోనో ఒక జోడీ. ఓఈటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే నమూనా కార్డులతో మొదలుపెట్టండి. పేషెంట్‌గా చేసేవాళ్ళు కార్డులో లేని ఒక భయాన్ని మనసులో పెట్టుకోవాలి, నర్సు సరిగ్గా అడిగితేనే బయటపెట్టాలి. ఫోన్‌లో 5 నిమిషాల టైమర్ పెట్టి, రికార్డు చేసి, తర్వాత ఇద్దరూ కూర్చుని వినండి. వినేటప్పుడు ఒక్కోసారి ఒక్క అంశమే చూడండి. ఈ రోజు ప్రశ్నలు. రేపు విరామాలు. ఎల్లుండి మాటల చివర అచ్చులు. పేషెంట్ ఎంత సేపు మాట్లాడారో కూడా గమనించండి. మీ గొంతే ఆగకుండా వినిపిస్తుంటే ఎక్కడో వాళ్ళని ఆపేశారు. పేషెంట్ వేషం మీరూ వేయండి. అటువైపు కూర్చుంటేనే ఏ మాట ఊరటనిస్తుందో, ఏది చిరాకు పెడుతుందో తెలుస్తుంది.

కోచింగ్‌కి వెళ్ళేవాళ్ళు చేరే ముందు ఒకటి అడగండి: వారానికి ఒక్కొక్కరితో విడిగా ఎన్ని రోల్‌ప్లేలు చేయిస్తారు, రికార్డింగ్ విని చెబుతారా? నోట్సు ఎంత లావుగా ఉందన్నది దీని ముందు లెక్కలోది కాదు.

పరీక్ష రోజు

ముందురోజు నైట్ డ్యూటీ పెట్టుకోకండి, ఎలాగైనా మార్పించుకోండి. నిద్రలేని గొంతు విసుగ్గా వినిపిస్తుంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన గుర్తింపు పత్రమే తీసుకెళ్ళండి. సెంటర్‌కి బయల్దేరాక తోటివాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడండి.

రోల్‌ప్లేలో పేషెంట్ మాట అర్థం కాకపోతే "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?" అనండి. వార్డులో అయినా అదే చేస్తారు కదా. వాక్యం మధ్యలో తప్పు దొర్లితే సరిదిద్దుకుని ముందుకు వెళ్ళండి, క్షమాపణలు అక్కర్లేదు. సమయం మీరు చూసుకోనక్కర్లేదు, 5 నిమిషాలకి వాళ్ళే ఆపుతారు. కార్డులో చివరి పని మిగిలిపోయినా బెంగ వద్దు. ఆ తొమ్మిది అంశాల్లో "అన్ని పనులూ ముగించారా" అన్నది విడిగా లేదు. చివరి పని కోసం పేషెంట్ మాటని తుంచి పరుగెత్తడమే నష్టం.

మొదటి రోల్‌ప్లే బాగా రాలేదనిపిస్తే, రెండో కార్డు చేతికి రాగానే ఆ 3 నిమిషాలూ పూర్తిగా దానికే ఇవ్వండి. మనిషి కొత్త, ఊరు కొత్త, భయం కొత్త. చోటు ఏమిటి, ఎదురుగా ఎవరు, ఇంతకు ముందు చూశామా, మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టండి.